షోకు కారు – చక్రముల ఎంపిక

అమలాపురము గడియార స్తంభము కడ సాయంకాల వేళ కొంతసేపు నిలిచి చూచిన వారికి ఒక విషయము తేటపడును. మోటారు సైకిళ్ళ రద్దీ నడుమ, కొబ్బరికాయల లారీ వెనుక, పెద్ద పెద్ద నల్లని చక్రములతో ఒక సెడాన్ కారు మెల్లగా సాగిపోవుచుండును. దానిని చూచిన విద్యార్థి మాట ఆపి తల త్రిప్పును. ఆ కారు ఇంజను శక్తి ఎంతయో అతడెరుగడు. చక్రముల అందమును మాత్రము క్షణములో గ్రహించును. కారు షోకు చక్రముతోనే మొదలగునని చెప్పుటకు వేరే నిదర్శనము అక్కరలేదు.

మన కళాశాలలో రెండు భాషలు ప్రక్కప్రక్కన వర్ధిల్లుచున్నవి. ఉర్దూలో 'షౌక్' అనియు 'జరూరత్' అనియు రెండు మాటలు కలవు. మొదటిది తెలుగులో 'షోకు' అయినది. రెండవదాని చుట్టమే మన 'జరూరు'. మనసు కోరునది షోకు, బ్రతుకు కోరునది జరూరతు. కారు కొనువేళ ఈ రెండును ఒకే రసీదుపై వచ్చును. వాటిని వేరుచేసి చూచుటకు కొంత తెలివిడి కావలెను.

ఇది కలవారి ముచ్చట గదా, కళాశాల పత్రికలో ఎందుకని కొందరు అడుగవచ్చును. కోనసీమలో ఎన్నో కుటుంబములకు కారు కొను డబ్బు కువైటు నుండియో దుబాయి నుండియో ఏండ్ల తరబడి చెమటోడ్చి పంపగా కూడినది. ఆ డబ్బును ఏ హంగుపై వెచ్చింపవలెనో తేల్చునది తరచుగా ఇంటనున్న చదువుకొన్న పిల్లవాడే. ఆ కారులో ప్రయాణము చేయువారు అతని తల్లియు, తోబుట్టువులును. అందుచేత ఈ విషయమును నాలుగు మాటలలో వివరింప పూనుకొంటిమి.

ఒకప్పుడు ఎంపిక అను ప్రశ్నయే లేదు. అంబాసిడరుకు 5.90–15 కొలత టైరు, ఫియట్ 1100కు 5.20–14 కొలత టైరు, అంతటితో సరి. పేరు నమోదు చేయించుకొని కారు కొరకు ఏండ్లు ఎదురుచూచిన కాలమది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన పిదప ఆ స్థితి మారసాగినది. నేడు ఒకే కారు అనేక రకములుగా, ఒక్కొక్క రకము వేరువేరు హంగులతో అమ్ముడగుచున్నది. 2020లో వచ్చిన అయిదవ తరము హోండా సిటీ, 2022లో వచ్చిన స్కోడా స్లావియా, ఫోక్స్‌వాగన్ వర్టస్, 2023లో వచ్చిన హ్యుందాయ్ వెర్నా – మన యువకులు షోకు సెడాన్ అన్నప్పుడు చెప్పు పేర్లు ఇట్టివే. స్లావియా, వర్టస్ కార్ల 1.5 లీటర్ల టర్బో ఇంజను 150 అశ్వశక్తిని, వెర్నా టర్బో ఇంజను 160 అశ్వశక్తిని ఇచ్చును. పోటీపడు ఈ మూడు కార్ల మేలు రకములకు తయారీదారులు వేసిన టైరు కొలత మాత్రము ఒక్కటే: 205/55 ఆర్ 16. ఈ అంకెల అర్థము తెలిసినవానికి సగము విద్య వచ్చినట్లే.

205 అనగా టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అనగా ఆ వెడల్పులో నూటికి 55 వంతుల ఎత్తు టైరు ప్రక్కగోడకు ఉన్నదని అర్థము. లెక్కించిన సుమారు 113 మి.మీ. అగును. ఆర్ అను అక్షరము రేడియల్ నిర్మాణమునకు గుర్తు. 16 అనగా టైరు లోపల కూర్చుండు రిమ్ము వ్యాసము, అంగుళములలో. దీని తరువాత 91 వి అని కనిపించినచో, 91 అను సూచిక ఒక్కొక్క టైరు 615 కిలోల బరువు మోయగలదనియు, వి అను అక్షరము గంటకు 240 కిలోమీటర్ల వేగమునకు తట్టుకొనగలదనియు తెలుపును. టైరుపైననే డి.ఓ.టి. అను అక్షరముల వరుస చివర నాలుగు అంకెలుండును. 2324 అని ఉన్నచో అది 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనదని తెలిసికొనవలెను. దుకాణములో క్రొత్తదిగా కనిపించు టైరు గోదాములో మూడేండ్లు పండుకొని ఉండవచ్చును. ఈ నాలుగు అంకెలు చూడనిదే డబ్బు చెల్లింపరాదు.

ఇక కారు నేలను తాకు చోటును గూర్చి ఆలోచింతము. ఇద్దరు కూర్చున్న సెడాన్ బరువు రమారమి 1400 కిలోలు అనుకొందము. టైరులో 33 పౌండ్ల గాలి ఉన్నచో, ప్రతి చదరపు సెంటీమీటరు సుమారు 2.3 కిలోల బరువు మోయును. 1400ను 2.3తో భాగించిన వచ్చునది సుమారు 600 చదరపు సెంటీమీటర్లు. అనగా నాలుగు చక్రములును కలిసి నేలను తాకు చోటు మనము పరీక్షలలో వాడు ఏ4 కాగితమంత మాత్రమే. వేగము పెంచుట, మలుపు త్రిప్పుట, బ్రేకు వేసి నిలుపుట – ఈ మూడు పనులును ఆ ఒక్క కాగితము మీదనే జరుగవలెను. 150 అశ్వశక్తి ఉన్నను, బ్రేకులు ఎంత గొప్పవైనను, వాటి బలము నేలకు చేరు దారి అదియే.

గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు పొడి రోడ్డుపై మంచి టైర్లతో బ్రేకు వేసిన పిదప సుమారు 31 మీటర్లలో నిలుచును. వాన తడిసిన రోడ్డుపై పట్టు తగ్గినచో అదే కారునకు 50 మీటర్ల వరకు కావలెను. డ్రైవరు ప్రమాదమును గుర్తించి కాలు కదలించుటకు పట్టు ఒక్క సెకనులో జరుగు 22 మీటర్లు దీనికి అదనము. ఈ 19 మీటర్ల తేడాలోనే ఒక పాదచారి ప్రాణము ఉండవచ్చును. కావున టైరు పట్టు జరూరతు. రిమ్ము మెరుపు షోకు.

ఈ కాగితమంత చోటుపై మన ప్రాంతము పెట్టు పరీక్షలు వేరు. గౌతమి, వశిష్ట పాయల నడుమ, వైనతేయకు ఇరుప్రక్కల పరచుకొన్న భూమి మనది. కాటన్ దొర పర్యవేక్షణలో 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప అల్లుకొన్న కాలువల గట్లే మన రోడ్లలో అనేకమునకు ఆధారము. ఒక ప్రక్క కాలువ, ఒక ప్రక్క కొబ్బరితోట లేక వరిచేను. నడుమ ఎదురుబడ్డ లారీకి తప్పుకొనవలసిన రోడ్డు. కోతల కాలమున ఆ రోడ్డుపైననే ధాన్యము ఆరబోయుదురు. గింజలపై బ్రేకు వేసిన చక్రము జారును. రోడ్డు ప్రక్క మార్జిను మెత్తబడినచో కారు కాలువ వైపు ఒరుగును. కాలువగట్టు రోడ్డుపై జారుట అనగా గీతలు పడుట మాత్రమే కాదని ఈ ప్రాంతమువారికి వేరుగా చెప్ప పనిలేదు.

ఇట్టి నేలపై పెద్ద చక్రముల మాట ఏమగునో లెక్కించి చూతము. 16 అంగుళముల రిమ్ము తీసివేసి 17 అంగుళముల రిమ్ము వేయుటకు చాలమంది ఉబలాటపడుదురు. 205/55 ఆర్ 16 టైరు మొత్తము వ్యాసము సుమారు 632 మి.మీ. దానికి బదులుగా 225/45 ఆర్ 17 వేసినచో వ్యాసము సుమారు 634 మి.మీ. రెండింటికిని తేడా స్వల్పమే గనుక స్పీడోమీటరు ఇంచుమించు సరిగానే చూపును. రిమ్ము ఎంత పెరిగినను మొత్తము వ్యాసము మారకుండ చూచుకొనవలెనన్నది ఇందలి మొదటి సూత్రము. వ్యాసము నూటికి 3 వంతులు పెరిగినచో మీటరు 100 చూపునప్పుడు కారు నిజముగా 103 కిలోమీటర్ల వేగమున పోవుచుండును.

అయితే వ్యాసము సరిపోయినంత మాత్రమున పని తీరలేదు. ప్రక్కగోడ ఎత్తు 113 నుండి 101 మి.మీ.కి దిగినది. 18 అంగుళముల రిమ్మునకు పోయి 225/40 టైరు వేసినచో అది 90 మి.మీ. మాత్రమే. గతుకునకును రిమ్మునకును నడుమనున్న మెత్తని దిండు ఆ ప్రక్కగోడయే. అది తగ్గినకొలది మలుపులో కారు బిగువుగా తిరుగును, నిజమే. కాని గుంటలో పడినప్పుడు దెబ్బ నేరుగా రిమ్మునకును, అచ్చటినుండి సస్పెన్షనునకును, కూర్చున్నవారి వెన్నునకును చేరును. వానకాలమున నీరు నిండిన గుంట లోతు ఎవరికిని కనబడదు. పెద్ద రిమ్ము సాధారణముగా బరువు కూడ ఎక్కువ. త్రిప్పవలసిన బరువు పెరిగినచో కారు చురుకుదనము తగ్గును. షోకు కొరకు చేసిన మార్పు షోకునే దెబ్బతీయునన్నమాట.

తయారీదారులే చూపిన మధ్యేమార్గము ఒకటి కలదు. అయిదవ తరము హోండా సిటీ దిగువ రకములకు 185/60 ఆర్ 15, మేలు రకమునకు 185/55 ఆర్ 16 టైర్లు వచ్చినవి. రెండింటి వ్యాసములకు తేడా 7 మి.మీ. లోపే. దిగువ రకము కొన్నవారు అదే కారు మేలు రకపు కొలతకు మారుట ఒక పద్ధతి. ఎవరో చెప్పిన కొలతకు మారుట వేరొక పద్ధతి. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనును అనుసరించి, తయారీదారు నిర్దేశించిన ప్రమాణములకు భిన్నముగా వాహనమును మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టపరచినది. ప్రమాదము జరిగిన నాడు బీమా కంపెనీవారు పేచీ పెట్టుటకు మనమే తావు ఇచ్చుకొనరాదు. కారునకు తగిన కొలతలును, గాలి పౌండ్లును డ్రైవరు తలుపు అంచున అతికించిన చీటీపై సాధారణముగా ఉండును.

కొలత కుదిరినను రిమ్ము కుదురవలెను. బోల్టులు అమరిన వలయపు వ్యాసము, నడిమి రంధ్రపు కొలత, రిమ్ము లోపలికి వెలుపలికి ఎంత జరిగి ఉండవలెనో తెలుపు ఆఫ్‌సెట్టు – ఈ మూడును సరిపోవలెను. ఆఫ్‌సెట్టు తప్పినచో చక్రము రెక్క అంచునకు రాచుకొనును, బేరింగులపై లేని భారము పడును. చూచుటకు సరిపోయినది గదా అని బిగించిన చక్రము వంద కిలోమీటర్ల వేగమున సరిపోకపోవచ్చును.

ఉక్కు రిమ్ము మేలా, అల్లాయ్ రిమ్ము మేలా అనునది తరువాతి ప్రశ్న. అల్లాయ్ అనగా అల్యూమినియముతో ఇతర లోహములు కలిపిన మిశ్రము. అది వేడిని త్వరగా వెలుపలికి పంపును. కొలత ఖచ్చితముగా ఉండును. అచ్చుపోసి చేసిన చవుక అల్లాయ్ రిమ్ము ఉక్కు రిమ్ము కన్న ప్రతిసారి తేలికగా ఉండునన్న నమ్మకము వలదు. కొట్టి రూపొందించిన ఫోర్జ్‌డ్ రకము నిజముగా తేలిక, ఖరీదు కూడ ఆ మేరకే. గుంటలో పడిన ఉక్కు రిమ్ము వంగును, సరిచేయింపవచ్చును. అల్లాయ్ రిమ్ము పగులుటకు అవకాశము కలదు. పగిలిన దానిని అతికించి వాడుట ఆపదను కొనితెచ్చుకొనుటయే.

మన సముద్రపు గాలి ఇందులో మరియొక సంగతి. అంతర్వేది, ఓడలరేవు తీరములకు పోయివచ్చు కారుపై ఉప్పు పేరుకొనును. ఉక్కు రిమ్ము త్రుప్పు పట్టును. అల్లాయ్ రిమ్ము రంగు పూత లేచిన చోట తెల్లని పొడి రూపమున తినివేయబడును. ముఖము చెక్కి మెరుగుపెట్టిన డైమండ్ కట్ రిమ్ములకు ఈ బాధ అధికము. వాటి అంచున పలుచని పారదర్శకమైన పూత తప్ప వేరు రక్షణ లేదు. అట్టి వాటికన్న మొత్తము రంగు వేసిన రిమ్ము మన తీరమునకు తగును. ఏ రకమైనను, సముద్రతీరము నుండి వచ్చిన నాడే మంచినీటితో కడిగించుట మంచి అలవాటు.

సఖినేటిపల్లి రేవులో కారును పంటుపైకి ఎక్కించి నరసాపురము వైపు దాటినవారికి ఇంకొక పాఠము తెలిసియుండును. రేవు వాలును, పంటు పలకయు కలియు చోట ముందు బంపరు నేలకు తగులును. స్ప్రింగులు కోయించి కారును క్రిందికి దింపు షోకు పట్నపు నున్నని రోడ్డుకే చెల్లును. రేవులును, కాజ్‌వేలును, ఎత్తైన స్పీడు బ్రేకరులును గల సీమకు చెల్లదు. రిమ్ము పెంచి, టైరు ప్రక్కగోడ తగ్గించినచో కారు ఎత్తు పెరుగదన్న సంగతి కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

వాననీటి సంగతి చూతము. టైరు పైభాగపు గాడులు నీటిని ప్రక్కకు త్రోయుటకే ఏర్పడినవి. అవి అరిగినచో చక్రము నేలను వదలి నీటిపై తేలును; స్టీరింగు త్రిప్పినను కారు తిరుగదు. నీరు నిలిచిన తలముపై చక్రము తేలు వేగమునకు అమెరికా అంతరిక్ష సంస్థ నాసా శాస్త్రజ్ఞులు 1960ల నాడు ఒక సూత్రము కట్టిరి. అది గాలి పౌండ్లపై ఆధారపడును. 33 పౌండ్లకు లెక్కింపగా సుమారు గంటకు 95 కిలోమీటర్లు వచ్చును. గాలి తగ్గినచో ఆ వేగము ఇంకను తగ్గును. మన జనవ్యవహారమున 'గుండు టైరు' అనునది హాస్యపు మాట. వానలో అది హాస్యము కాదు. కేంద్ర మోటారు వాహనముల నియమముల ప్రకారము కారు టైరు గాడి లోతు 1.6 మి.మీ. కన్న తగ్గరాదు. గాడుల నడుమ ఆ ఎత్తున చిన్న గట్లు ఉండును. టైరు అరిగి ఆ గట్లకు సమమైన నాడు మార్చవలసినదే. మన వానలకు అంతవరకు ఆగక, 3 మి.మీ. వద్దనే మార్చుట క్షేమము. వరద నీరు అడుగు లోతున పారుచున్న కాజ్‌వేలోనికి మాత్రము ఎంత మంచి టైరుతోనైనను దిగరాదు. ఆ నీరు కారును తేల్చివేయగలదు.

పందెపు కార్లను చూచి నునుపు టైరే వేగమునకు గుర్తు అనుకొనువారు కలరు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్ సాగరము తీరమున ఫార్ములా ఇ విద్యుత్ కార్ల పందెము జరిగినది. ఆ కార్లకు వేసినవి గాడులు గల టైర్లు. ఎండకును వానకును ఆ ఒక్క రకమే. నగర వీధిలో పరుగెత్తు పందెపు కారునకే గాడులు అవసరమైనప్పుడు, ముక్తేశ్వరము రోడ్డుపై పోవు మన కారు సంగతి చెప్పనేల?

హంగులను గూర్చి కూడ ఇదే దృష్టితో చూడవలెను. ఏబీఎస్ బ్రేకులు 2019 నుండి అన్ని కార్లకును తప్పనిసరి అయినవి. కాని ఆ యంత్రము పట్టును పుట్టింపజాలదు. టైరునందున్న పట్టును సద్వినియోగము చేయును, అంతే. జారు కారును దారిలోనికి తెచ్చు ఈ.ఎస్.సి., ఆరు ఎయిర్‌బ్యాగులు, పసిపిల్లల సీటు బిగించు కొక్కెములు, గాలి తగ్గినప్పుడు హెచ్చరించు యంత్రము, రాత్రివేళ కాలువ అంచు చూపగల మంచి దీపములు – ఇవి జరూరతు. సన్‌రూఫ్, రంగురంగుల లోపలి వెలుగులు, పెద్ద తెర – ఇవి షోకు. రెండింటికిని డబ్బు చాలినచో ఎవరికిని అభ్యంతరము లేదు. చాలనప్పుడు సన్‌రూఫ్ కొరకు ఎయిర్‌బ్యాగులు వదలుకొనుట అవివేకము. గ్లోబల్ ఎన్‌క్యాప్ వారి ఢీకొట్టు పరీక్షలలో స్లావియా, వర్టస్, వెర్నా కార్లు మూడును 2023లో అయిదు నక్షత్రములు పొందినవి. అదే ఏడాది అక్టోబరు నుండి మన దేశమున భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు మొదలైనవి. రంగు పుస్తకముకన్న ముందు ఆ ఫలితములు చదువుట మేలు.

స్టెప్నీ మాట మరువరాదు. వేల్సు దేశపు లనెత్లి పట్టణమున స్టెప్నీ వీధిలో 1904 ప్రాంతమున పుట్టిన అదనపు చక్రము పేరే మన మెకానికుల నోట నిలిచినది. గాలి హెచ్చరిక యంత్రమును, పంచరు సామగ్రియు ఉన్నచో స్టెప్నీ లేకున్నను చెల్లునని 2020లో నియమము సడలించిరి. అర్ధరాత్రి లంక గ్రామపు దారిలో ప్రక్కగోడ చినిగినచో ఆ సామగ్రి ఆదుకొనజాలదు. కావున స్టెప్నీ గల రకమునే కోరుట మంచిది; దానిలోను నెలకొకమారు గాలి చూడవలెను.

కొన్న పిదప పాటింపవలసినవి కొన్ని. చక్రములు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలువవలెను. నైట్రోజను కొరకు ఆరాటపడనక్కరలేదు; మామూలు గాలిలో నూటికి 78 వంతులు అదియే. రెండు టైర్లే మార్చవలసి వచ్చినచో క్రొత్తవి వెనుకకు వేయించవలెను. వెనుక భాగము జారిన కారును సామాన్య డ్రైవరు అదుపు చేయజాలడు. గట్టి గుంటలో పడిన పిమ్మట అలైన్‌మెంటు చూపింపవలెను. అరుగకున్నను అయిదేండ్లు నిండిన టైరును ఏటేట పరీక్ష చేయింపవలెను.

టైరుపై వి అను అక్షరము 240 కిలోమీటర్ల వేగమునకు గుర్తని పైన చెప్పితిమి. 2018 ఏప్రిల్ నాటి కేంద్ర ప్రభుత్వ ప్రకటన కార్లకు ఎక్స్‌ప్రెస్ రోడ్లపై 120, నాలుగు వరుసల రహదారిపై 100, ఇతర రోడ్లపై 70 కిలోమీటర్ల గరిష్ఠ వేగమును నిర్ణయించినది. రావులపాలెము కడ పెద్ద రహదారి దాటి కొత్తపేట వైపు మళ్ళినంతనే మనకు వర్తించునది ఆ చివరి అంకెయే. అనగా మనము కొను పట్టు వేగము కొరకు కాదు, నిలుచుట కొరకు.

చివరగా ఒక మనవి. మన విద్యార్థులలో కారు గలవారు కొద్దిమంది. మోటారు సైకిలు గలవారు అనేకులు. పైన చెప్పిన గాలి, గాడి, తేదీ అను మూడు సంగతులును రెండు చక్రములకును వర్తించును. కళాశాల కమిటీవారు సైకిలు స్టాండు కడ ఒక గాలి పంపును, ఒక కొలమానమును ఉంచినచో ఖర్చు స్వల్పము, మేలు అధికము. వారమునకొకమారు ఒక నిమిషము వంగి తన చక్రమును చూచుకొను విద్యార్థికి షోకు ఎక్కడ ముగియునో, జరూరతు ఎక్కడ మొదలగునో వేరొకరు చెప్పనక్కరలేదు. రేపు గల్ఫు నుండి అన్నయో తండ్రియో డబ్బు పంపి, "ఏ కారు కొందము? ఏ చక్రములు వేయింతము?" అని అడిగిన నాడు, ఆ విద్యార్థి చెప్పు జవాబు ఇల్లు చేరు జవాబు అగునని మా నమ్మకము.